సర్జరీ తర్వాత బరువు ఆగింది, అద్దంలో మాత్రం పాత శరీరమే కనిపిస్తోంది: ఏం చేయాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. స్లీవ్ సర్జరీ (కడుపులో ఎక్కువ భాగాన్ని తీసేసి సన్నటి గొట్టంలా మిగిల్చే, బరువు తగ్గించే ఆపరేషన్) అయి 22 నెలలు. అప్పటి బరువు 128 కిలోలు, ఇప్పుడు 84. ఎత్తు 162 సెంటీమీటర్లు. ఏడు నెలలుగా తూకం కదలడం లేదు. 70 టార్గెట్‌గా పెట్టుకున్నారు. పొట్ట, చేతులు, తొడల దగ్గర చర్మం వేలాడుతోంది. అద్దం ముందు నిలబడితే 128 కిలోల మనిషే కనిపిస్తోంది. సర్జరీ ఫెయిలైందా, లోపం మీలో ఉందా, ఈ శరీరంతో ఎలా సర్దుకోవాలి అని అడిగారు.

ఇందులో మూడు సమస్యలు కలిసిపోయాయి: బరువు ఆగడం, చర్మం, అద్దంలో కనిపించేది. చాలామంది మూడింటికీ ఒకటే మందు వేస్తారు. ఇంకాస్త తక్కువ తింటారు. దాంతో చర్మం బిగుసుకోదు, అద్దంలో బొమ్మ మారదు, ఆగిన బరువు కూడా కొన్నాళ్లు దిగినట్టే దిగి మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఒక్కోదాన్నీ విడదీసి చూద్దాం.

ముందు లెక్క. 128 నుంచి 84 అంటే 44 కిలోలు, మొదటి బరువులో 34 శాతం. స్లీవ్‌తో సగటున తగ్గేది మొదటి బరువులో 25 శాతం అటూఇటూగా, బైపాస్‌తో (కడుపును చిన్న సంచిలా చేసి నేరుగా చిన్నపేగుకు కలిపే ఆపరేషన్) 30 శాతం దగ్గర. అంటే 128తో మొదలైనవారు స్లీవ్ తర్వాత సగటున 96 దగ్గర ఆగుతారు. మీరు అంతకన్నా 12 కిలోలు కిందే ఉన్నారు. 70కి చేరాలంటే 45 శాతం తగ్గాలి. స్లీవ్ ఒక్కదానితో అక్కడిదాకా వెళ్లేవారు బహు కొద్దిమంది. అసలు ఆ 70 ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోండి. ఎత్తు-బరువు పట్టిక నుంచో, ఇరవై ఏళ్ల వయసు నాటి బరువు నుంచో వచ్చి ఉంటుంది. ఆ పట్టిక జనాభా మొత్తానికి వేసింది. ఏళ్ల తరబడి 128 కిలోలు మోసిన శరీరం ఎక్కడ ఆగుతుందో అది చెప్పలేదు. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: సర్జరీ ఫెయిల్ కాలేదు, చేయాల్సిన పని చేసేసింది.

బరువు ఎందుకు ఆగుతుందంటే, శరీరం చిన్నదయ్యేకొద్దీ దానికి కావలసిన ఇంధనం తగ్గుతుంది. 84 కిలోల మనిషి కూర్చున్నా నడిచినా 128 కిలోల మనిషి కన్నా తక్కువ ఖర్చు చేస్తారు. దానికితోడు, బరువు బాగా తగ్గినవారిలో శరీరం తన పరిమాణాన్ని బట్టి ఖర్చు చేయాల్సిన దానికన్నా కూడా కొంత పొదుపు చేస్తుంది. మరోవైపు, మొదటి ఏడాది దాదాపు లేకుండా పోయిన ఆకలి మెల్లగా తిరిగొస్తుంది, స్లీవ్‌లో పట్టే పరిమాణం కూడా కొంత పెరుగుతుంది. తిన్నదీ ఖర్చయ్యేదీ సమానమైన చోట తూకం నిలిచిపోతుంది. సర్జరీ అయిన మూడో వారం ప్రాంతంలో చాలామందికి ఒకసారి బరువు ఆగుతుంది, దాంతో దీన్ని పోల్చకండి. అది శరీరం గ్లైకోజెన్ (దాచుకున్న చక్కెర) నిల్వలను, వాటితో పాటు నీటిని సర్దుకోవడం వల్ల వచ్చేది, తనంతట తానే కదులుతుంది. 12 నుంచి 18 నెలల మధ్య, కొందరిలో రెండేళ్లకు, వచ్చే ఈ ఆగుడు వేరు. ఇక్కడి నుంచి నిలబెట్టుకునే దశ.

ఇంకో మాట ముందే తెలిసి ఉండాలి. స్వీడన్‌లో 1987లో మొదలైన దీర్ఘకాల అధ్యయనంలో బైపాస్ చేయించుకున్నవారు ఒకటి రెండేళ్లలో గరిష్ఠంగా 32 శాతం తగ్గారు. పదేళ్ల తర్వాత చూస్తే ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే అట్టడుగు నుంచి కొంత వెనక్కి రావడం ఈ దారిలో మామూలే. రేపు మీ తూకం 87 చూపిస్తే అంతా పోయిందని అనుకోవద్దు.

అలాగని ఏడు నెలల ఆగుడును చూడకుండా వదిలేయమనడం లేదు. ఒక్కసారి తనిఖీ చేయండి, ఆ తర్వాత వదిలేయండి. ఏడు రోజులు ఏమీ మార్చకుండా తిన్నదీ తాగినదీ, సమయంతో సహా రాయండి. ఆ కాగితంలో నాలుగు విషయాలు చూడాలి. ప్రోటీన్ రోజుకు 60 నుంచి 80 గ్రాములు అందుతోందా? తియ్యటి పానీయాలు, పాలు కలిపినవి, మద్యం రూపంలో ఎన్ని కేలరీలు లోపలికి పోతున్నాయి? భోజనాల మధ్య కొద్దికొద్దిగా రోజంతా నోరాడుతోందా? బిస్కెట్లు, చిప్స్ లాంటివి నోట్లోనే కరిగి స్లీవ్‌లోంచి ఇట్టే జారిపోతాయి, కడుపు నిండినట్టు అనిపించదు. గట్టి ఆహారం తింటే ఇక చాలనిపిస్తుంది, వీటితో అలా అనిపించదు. నాలుగోది, తింటూనే నీళ్లు తాగుతున్నారా? అలా తాగితే ముద్ద త్వరగా దిగిపోయి తొందరగా మళ్లీ ఆకలేస్తుంది. భోజనం అయ్యాక అరగంట ఆగడం అందుకే. వీటితోపాటు కొత్తగా మొదలైన మందులు (స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని డిప్రెషన్ మందులు), థైరాయిడ్, నిద్ర కూడా చూడాలి. ఏదైనా దొరికితే సరిచేయండి. దొరక్కపోతే 84 మీ బరువు. కిలోలు ఆగకుండా పైకే పోతుంటే మాత్రం సిగ్గుపడి ఇంట్లో కూర్చోకుండా సర్జరీ చేసిన టీమ్ దగ్గరికి వెళ్లండి. ఆకలిని తగ్గించే జీఎల్‌పీ-1 తరహా మందులను సర్జరీ అయినవారికి కూడా వాడుతున్నారు. రెండోసారి ఆపరేషన్‌కు ప్రమాదం ఎక్కువ, కాబట్టి ఆ ఆలోచన అన్నిటికన్నా చివరిది.

తూకం వారానికి ఒక్కసారి చాలు. అదే రోజు, పొద్దున్నే, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక. ఉప్పు, మలబద్ధకం, నెలసరి వల్ల కిలో రెండు కిలోలు అటూఇటూ ఊగుతుంది. అందుకే ఒక్క అంకెకు బదులు హద్దులు పెట్టుకోండి: మీ విషయంలో 82 నుంచి 87. నాలుగు వారాల సగటు ఆ హద్దుల్లో ఉన్నంతకాలం ఏ నిర్ణయమూ తీసుకోనక్కర్లేదు. కిలో పెరిగిందని ఆ రోజు భోజనం మానేసేవారు సాయంత్రానికి అదుపు తప్పి తింటారు, మర్నాడు మళ్లీ మానేస్తారు. ఈ చక్రం నుంచి బయటపడటం ఆ కిలోను తగ్గించడం కన్నా చాలా కష్టం. ప్రోటీన్ కోసి కేలరీలు పడగొడితే ముందు పోయేది కండరం. కండరం పోతే ఖర్చు ఇంకా పడిపోతుంది, చర్మం ఇంకా వదులుగా కనిపిస్తుంది.

బరువు ఆగి నిరాశపడ్డవారు చేసే ఇంకో పని: చెకప్‌కు వెళ్లడం మానేస్తారు, మాత్రలూ మానేస్తారు. బరువు తగ్గినా ఆగినా ఇవి జీవితాంతం ఉండాల్సినవే. మల్టీవిటమిన్, బీ12 (మాత్రగా అయితే రోజుకు 350 నుంచి 500 మైక్రోగ్రాములు, లేదా నెలకు 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్), కాల్షియం 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, విటమిన్ డి, ఐరన్. కాల్షియంను ఒక్కసారిగా మింగకుండా 500 చొప్పున విడగొట్టాలి. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి, లేకపోతే ఒకటి రెండోదాన్ని అడ్డుకుంటుంది. మోతాదు మీ రక్తపరీక్షలను బట్టి డాక్టర్ మారుస్తారు. దీన్ని ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, బీ12, ఐరన్ పడిపోతే నీరసం, దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వస్తాయి. శరీరం నచ్చక దిగులుగా ఉందని అనుకునేవారిలో కొందరికి ముందు కావలసింది రక్తపరీక్ష.

ఇక చర్మం. పొట్ట మడతను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని శరీరం నుంచి కాస్త ముందుకు లాగండి. వేళ్ల మధ్య పల్చగా, మెత్తగా, ముడతలుపడి కదిలితే అది చాలావరకు చర్మమే. నిండుగా, మందంగా తగిలితే కింద కొవ్వు ఉంది. సాధారణంగా నాభికి పైన ఒకలా, కింద ఒకలా ఉంటుంది. ఈ తేడా వేళ్లకు తెలిస్తే చాలా అనవసరపు శిక్ష తప్పుతుంది. ఎందుకంటే చర్మాన్ని కొవ్వనుకుని దానిమీద డైటింగ్ చేసేవారు ఎందరో.

ఏళ్ల తరబడి సాగిన చర్మంలో దాన్ని వెనక్కి లాగే ఎలాస్టిన్, కొలాజెన్ పోగులు తెగిపోయి ఉంటాయి. ఎంత వెనక్కి వెళుతుందన్నది వయసు, ఎన్నేళ్లు ఆ బరువుతో ఉన్నారు, ఎంత తగ్గారు, పొగతాగే అలవాటు, ఎండ, వంశం మీద ఆధారపడుతుంది. క్రీములు, నూనెలు, చుట్టే పట్టీలు ఈ స్థాయి వదులును బిగించలేవు. డబ్బు దండగ. బరువులెత్తే వ్యాయామం చేతుల్లో, తొడల్లో కండరం పెంచి కొంత నింపుతుంది. పొట్ట కింద వేలాడే భాగానికి దానివల్ల పెద్ద తేడా ఉండదు. మీరు సరిగ్గా చేయలేదు కాబట్టి చర్మం జారిందన్న ఆలోచన ఉంటే తీసేయండి. 44 కిలోలు తగ్గినవారిలో అది దాదాపు తప్పనిసరి.

రోజువారీ సంరక్షణ చిన్న పనే, కానీ దీనివల్ల శరీరంతో ఉన్న గొడవ సగం తగ్గుతుంది. పొద్దస్తమానం మంట పెడుతున్న శరీరాన్ని ఎవరూ ప్రేమగా చూడలేరు. మడతను ఎత్తి గాఢత లేని సబ్బుతో కడిగి, రుద్దకుండా తువ్వాలుతో అద్దండి. తడి మిగిలితే హెయిర్ డ్రయ్యర్‌ను చల్లగాలి మీద పెట్టి ఆరబెట్టండి. పూర్తిగా ఆరాకే జింక్ ఆక్సైడ్ క్రీమ్ పల్చగా రాయండి. చెమట ఎక్కువైన రోజుల్లో మెత్తటి నూలుగుడ్డ ముక్కను మడత మధ్య పెట్టి, తడవగానే మార్చండి. ఎర్రటి మచ్చ అంచుల చుట్టూ చిన్నచిన్న ఎర్ర చుక్కలు, దురద ఉంటే అది సాధారణంగా ఫంగస్. క్లోట్రిమజోల్ క్రీమ్ రోజుకు రెండుసార్లు రాయాలి, తగ్గినట్టు కనిపించాక కూడా ఇంకో వారం కొనసాగించాలి. స్టెరాయిడ్ కలిసిన క్రీములను సొంతంగా వాడొద్దు. మంట వెంటనే తగ్గుతుంది కానీ ఫంగస్ ముదురుతుంది, చర్మం ఇంకా పల్చబడుతుంది. ఎరుపు పాకుతూ, ముట్టుకుంటే వేడిగా ఉండి, జ్వరం కూడా వస్తే ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

బిగుతు లోదుస్తులు, కంప్రెషన్ షార్ట్స్ వేసుకునేటప్పుడు పొట్ట చర్మాన్ని పైకెత్తి నడుము పట్టీ లోపలికి సర్దాలి. పట్టీ మడత మధ్యలో కోసుకునేలా వేస్తే ఒరిపిడి ఇంకా పెరుగుతుంది. నడిచేటప్పుడు చర్మం ఊగకుండా పట్టి ఉంచడమే వాటి పని. తిమ్మిరి పుట్టినా, విప్పాక లోతైన గీతలు మిగిలినా సైజు చిన్నదైనట్టు. రాత్రి తీసేయండి.

చర్మం తొలగించే ఆపరేషన్ గురించి మీరు అడగలేదు, కానీ మనసులో ఉండే ఉంటుంది. దీనికి ప్లాస్టిక్ సర్జన్లు పెట్టే మొదటి షరతు, బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జరీ అయి 12 నుంచి 18 నెలలు దాటాలి, కనీసం మూడు నుంచి ఆరు నెలలు బరువు నిలకడగా ఉండాలి. అంటే మీరు తిట్టుకుంటున్న ఏడు నెలల ఆగుడే ఇక్కడ మీ అర్హత. ఎక్కువమంది సర్జన్లు బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూసే లెక్క) 30 చుట్టుపక్కల ఉంటే మేలంటారు, మీది 32. హిమోగ్లోబిన్, ప్రోటీన్ స్థాయిలు బాగుండాలి. పొగతాగేవారు ముందూ వెనకా కనీసం నాలుగు వారాలు నికోటిన్ పూర్తిగా మానాలి, లేకపోతే కుట్ల దగ్గర రక్తం చాలక చర్మం చచ్చిపోయే ప్రమాదం ఉంది. పొట్ట విషయంలో రెండు రకాలున్నాయి. వేలాడే భాగాన్ని మాత్రమే కోసేసేది ఒకటి. పొట్ట కండరాలను దగ్గరికి కుట్టి, నాభిని కొత్తచోట అమర్చేది రెండోది. ఏది చేస్తున్నారో స్పష్టంగా అడగండి, ఫలితంలో చాలా తేడా ఉంటుంది. పొట్ట మీద మచ్చ ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా, చేతుల మీద చంక నుంచి మోచేతి దాకా పడుతుంది. చర్మం కింద నీరు చేరడం, కుట్లు ఒకచోట విడిపోవడం, స్పర్శ తగ్గడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం ఎదురయ్యే ఇబ్బందులు. చర్మాన్ని ఇచ్చి మచ్చను తీసుకోవడమే ఈ బేరం. ఒరిపిడి, దద్దుర్లు, నడకలో ఇబ్బంది ఉన్నవారికి చాలావరకు లాభసాటి. అద్దంలో బొమ్మ మారుతుందని మాత్రమే చేయించుకునేవారు ముందు కింద రాసింది కొన్ని వారాలు ప్రయత్నించి చూడటం మంచిది.

అద్దంలో ఇంకా 128 కిలోల మనిషే కనిపించడం అబద్ధమూ కాదు, పిచ్చీ కాదు. శరీరం ఎంత స్థలం ఆక్రమిస్తుందో మెదడులో ఒక అంచనా ఉంటుంది. శరీరం మారినంత వేగంగా అది మారదు. అందుకే సందు వెడల్పుగా ఉన్నా పక్కకు తిరిగి దూరడం, కుర్చీ ఆగుతుందో లేదో చూసి కూర్చోవడం, దుకాణంలో చెయ్యి నేరుగా పెద్ద సైజు మీదికి పోవడం. ధైర్యవచనాలతో ఈ అంచనా మారదు. కొలతలు చూపించి దిద్దాలి.

ఒక దారపు ఉండ తీసుకోండి. నడుము చుట్టుకొలత ఎంత ఉంటుందో కొలవకుండా ఊహించి, అంత దారాన్ని నేలమీద గుండ్రంగా పరచండి. తర్వాత ఇంకో దారాన్ని నడుముకు చుట్టి, అంతే తెంపి, మొదటి గుండ్రం లోపల అలాగే పరచండి. చాలామందికి ఊహించిన గుండ్రం పెద్దదిగా వస్తుంది. రెండింటి మధ్య కనిపించే ఖాళీ మెదడు ఇంకా దిద్దుకోని లెక్క. తొడకు, చేతికి కూడా చేయండి. నెలకోసారి చేసి రెండు పొడవులూ రాసిపెట్టుకుంటే ఆ ఖాళీ ఎలా మారుతోందో తెలుస్తుంది.

రెండోది అద్దం అభ్యాసం. ఇది బాడీ ఇమేజ్ చికిత్సలో వాడే పద్ధతే. నిలువుటద్దానికి ఒకటిన్నర మీటరు దూరంలో, మంచి వెలుతురులో నిలబడండి. మొదటి వారం పూర్తి దుస్తులతోనే. తల నుంచి పాదాల దాకా పది నిమిషాల్లో, ఏ భాగాన్నీ వదలకుండా, ఏ భాగం దగ్గరా అతుక్కుపోకుండా, చూసింది పైకి చెప్పండి. ఆకారం, రంగు, పరిమాణం, స్పర్శ, ఇవే చెప్పాలి. "పొట్ట అసహ్యంగా ఉంది" అనకుండా "నాభి కింద చర్మం ఒక మడతగా కిందికి దిగింది, ఎడమవైపు కొంచెం ఎక్కువ, లేత రంగు చారలున్నాయి" అనాలి. అందంగా ఉందని బలవంతంగా అనాల్సిన పని లేదు, అలా అంటే మనసు వెంటనే ఎదురు తిరుగుతుంది. గుండె దడ మొదట్లో పెరుగుతుంది, అది కాస్త నెమ్మదించేదాకా అక్కడే ఉండండి. దడ పీక్‌లో ఉన్నప్పుడు పారిపోతే భయం ఇంకా బలపడుతుంది. వారానికి మూడుసార్లు, నెలపాటు. గతంలో తిండికి సంబంధించిన రుగ్మత గానీ, శరీరం మీద జరిగిన హింస గానీ ఉంటే దీన్ని ఒంటరిగా కాకుండా సైకాలజిస్ట్ దగ్గరే చేయాలి.

దీనికి అడ్డుపడే అలవాట్లు రెండు. ఒకటి మాటిమాటికీ పరీక్షించుకోవడం: పొట్ట పట్టుకుని చూడటం, ప్రతి గాజు తలుపులోనూ చూసుకోవడం, రోజుకు రెండుసార్లు తూకం ఎక్కడం. ఒక రోజంతా లెక్కపెట్టండి, తర్వాతి వారం ఆ లెక్కను సగానికి దించండి. రెండోది తప్పించుకోవడం: ఫొటోలో వెనక నిలబడటం, పొడుగు చేతుల బట్టలే వేయడం, దీపం ఆర్పితే గానీ జీవిత భాగస్వామి దగ్గరికి వెళ్లకపోవడం. వీటిని సులువైనదాని నుంచి కష్టమైనదాని దాకా వరుసగా రాసి, ఒక్కోటి చొప్పున ఎదుర్కోండి. బట్టలు 84 కిలోల ఒంటికి సరిపడేవి ఇప్పుడే కొనండి. భుజం కుట్టు భుజం ఎముక చివర కూర్చుంటే ఆ బట్ట మీ కొలతే. 70కి వచ్చాక వేసుకుందామని కొన్నవి కళ్లముందు వేలాడదీయకండి.

వ్యాయామం గురించి ఎక్కువ చెప్పను. వారానికి 150 నిమిషాల నడక, రెండు మూడు రోజులు బరువులతో కసరత్తు. దీన్ని కిలోలతో కొలవకండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో నెలకోసారి లెక్కపెట్టండి. తూకం ఆగినా ఈ లెక్క పెరుగుతూనే ఉంటుంది.

చుట్టూ ఉన్నవాళ్లు "ఇంకా ఎంత తగ్గాలి?" అని అడుగుతారు. "తగ్గడం అయిపోయింది, ఇప్పుడు నిలబెట్టుకుంటున్నాను" అని ఒక్క వాక్యం సిద్ధంగా ఉంచుకోండి, వివరణ ఇవ్వొద్దు. ఇంట్లో సంబంధాలు కూడా కదులుతాయి. స్వీడన్ సమాచారంలోనే సర్జరీ అయినవారిలో విడిపోవడాలు ఎక్కువ కనిపించాయి, ఒంటరిగా ఉన్నవారిలో కొత్త బంధాలూ ఎక్కువ కనిపించాయి. మీ ఇంట్లో చిరాకులు పెరిగితే అది మీ పొట్ట చర్మం వల్లేనని తేల్చేయకండి.

కొన్నింటిని మాత్రం సర్దుకోవడం కింద జమకట్టకూడదు. తిన్నది కావాలని కక్కడం, నమిలి ఉమ్మేయడం, అదుపు లేకుండా తినడం ఇవి చికిత్స కావలసినవి. కారణం ఏదైనా వాంతులు రోజుల తరబడి ఆగకపోతే థయమిన్ (విటమిన్ బీ1) పడిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం మొదలైతే అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్లాలి. మద్యం సర్జరీ తర్వాత వేగంగా, ఎక్కువగా ఎక్కుతుంది. తిండితో వచ్చిన ఊరట పోయినచోట మద్యం చేరే సమస్య తరచూ రెండో ఏడాది నుంచే బయటపడుతుంది, అంటే సరిగ్గా మీరున్న దశలో. సర్జరీ చేయించుకున్నవారిలో తమను తాము గాయపరచుకునే ప్రమాదం ఎక్కువని కూడా అధ్యయనాల్లో తేలింది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మర్నాటికి వాయిదా వేయకుండా ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి ఎమర్జెన్సీకి వెళ్లండి. రెండు వారాలకు మించి దిగులు కమ్మేసి, నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే సైకియాట్రిస్ట్‌ను కలవండి. మొదటి నిమిషంలోనే కడుపు సర్జరీ అయిందని, ఏ రకమో చెప్పండి. మాత్రలు రక్తంలో కలిసే తీరు సర్జరీ తర్వాత మారవచ్చు, ముఖ్యంగా నెమ్మదిగా కరిగే రకాలు. మందును, మోతాదును దాన్ని బట్టే ఎంచుకుంటారు.